ఇరవై పిడికిళ్ళు

మూడు రోజుల ఆసుపత్రి బసకు నేను సర్దిన సంచీ చూసి తమ్ముడు పగలబడి నవ్వాడు. నాలుగు తువ్వాళ్ళు, రెండు దుప్పట్లు, ఫ్లాస్కు, సూదీదారం, గొడుగు.

"అక్కా, ఇది ఆపరేషనుకా, వలసకా?"

"గొడుగుంటే నీ సొమ్మేం పోయిందిరా?"

"థియేటర్లో వాన పడుతుందనా?"

ఇంట్లో ఎవరు సంచీ భుజాన వేసుకున్నా నేను గుమ్మంలోకి వచ్చి నిలబడతాను. వీధి మలుపు తిరిగేదాకా చూస్తాను, తిరిగాక కూడా చూస్తాను. కావలసినవన్నీ ఇచ్చి పంపితే తిరిగి రావడానికి సాకు ఉండదేమోనని ఒక భయం, ఇవ్వకపోతే అక్కడ ఏమైపోతారోనని ఇంకో భయం.

అడుగున జన్యువుల డాక్టరమ్మ ఇచ్చిన ఉత్తరం పెట్టాను. "ఈయనకు వంశపారంపర్యంగా వచ్చిన కండరాల జబ్బు ఉంది. మత్తు ఇచ్చే ముందు తప్పక మాకు ఫోన్ చేయండి" అని అందులో ఉంది. వాడు తీసి బల్ల మీద పెట్టాడు. నేను మళ్ళీ పెట్టాను. వాడు మళ్ళీ తీశాడు. వాడికి యాభై ఆరు, నాకు అరవై ఆరు.

"ఇది చూపిస్తే వీళ్ళు చేతులెత్తేసి పెద్దాసుపత్రికి పొమ్మంటారు. అక్కడ వరస ఎనిమిది నెలలు. అప్పటికి నా కడుపులో రాళ్ళతో ఇల్లు కట్టుకోవచ్చు. నోరు మూసుకుని రా."

వాడు స్నానానికి వెళ్ళినప్పుడు ఉత్తరాన్ని దుప్పటి మడతలో దాచాను.

మా వంశానికి ఆస్తిపాస్తులు లేవు గానీ ఒక పట్టు ఉంది. పట్టుకున్నది వదలలేం. మొండితనం కాదు, వేళ్ళు రావు. మా నాన్న ఎవరితోనైనా చేయి కలిపితే ఒక పట్టాన వదిలేవాడు కాదు. ఎంత ఆపేక్ష మనిషి అనుకునేవారు జనం. ఆయన మాత్రం లోపల వేళ్ళను బండబూతులు తిట్టుకునేవాడు. తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టు ముదిరింది. వాడు పుస్తకాలు బైండు చేసే ప్రెస్సులో అందరూ వాణ్ణి 'క్లిప్పు' అని పిలిచేవారు. ఒకసారి యజమాని భార్య సరదాపడి వాడికి చేయి అందించింది. అర నిమిషమైనా వీడు వదలలేదు. ఆవిడ ఎర్రబడింది, యజమాని నల్లబడ్డాడు, వీడు తెల్లబోయాడు.

దానికో కిటుకు ఉంది. పిడికిలి బిగించి, విప్పి, మళ్ళీ బిగించి, అలా ఇరవైసార్లు చేస్తే వేళ్ళు కాసేపు మామూలుగా మాట వింటాయి. వాడికి ఆరేళ్ళప్పుడు, బళ్ళో చేర్చే రోజున కనిపెట్టాను. వాడు కుడి చెయ్యి వెనక్కి పెట్టి పిడికిళ్ళు లెక్కపెట్టుకుంటాడు. ఆ కాస్సేపూ ఎదుటివాడి కళ్ళు చేతి మీదికి పోకుండా నేను వాగుతాను. హెడ్మాస్టరు దగ్గర అలాగే గట్టెక్కాం. పనిలో చేరేటప్పుడు ప్రెస్సు యజమాని దగ్గరా, బీమా డాక్టరు దగ్గరా అంతే. ఇరవై లెక్కపెట్టాక యాభై ఏళ్ళలో ఒక్కసారి కూడా దొరకలేదు. వాడి చెయ్యి వెనక్కి పోతే చాలు, నా నోరు దానంతటదే తెరుచుకునేది.

నిరుడు వాడి కంట్లో శుక్లాలు రంగురంగులుగా మెరుస్తున్నాయని కళ్ళ డాక్టరుకు అనుమానం వచ్చింది. జన్యువుల డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. మనిషి ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక రాత ఉంటుందట. అందులో ఒకచోట మూడక్షరాల ముక్క ఒకటి వరసగా నాలుగైదు సార్లో, ఇరవై ముప్పైసార్లో ఉండటం మామూలేనట. తమ్ముడికి నాలుగు వందలకు పైగా ఉంది. తండ్రికి తక్కువే ఉన్నా, బిడ్డకు దిగేటప్పుడు పెరుగుతుందట.

"అర్థమైందండీ," అన్నాడు వాడు. "మా ప్రెస్సులో ఫోర్‌మన్ చేసే తప్పే ఇది. ఈ అచ్చులో ఒక మాట రెండుసార్లు పడితే, పై అచ్చుకి ఆరుసార్లు పడుతుంది. దేవుడి ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు తాగి పడుకున్నాడన్నమాట."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. నాకూ పరీక్ష చేశారు. పదమూడే ఉన్నాయి. అచ్చంగా బొమ్మా బొరుసా లాంటిదేనట, నాకు బొమ్మ పడింది. చదువుకోనిదాన్ని, వాడు ప్రెస్సు నుంచి తెచ్చిన పాడైన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నదాన్ని. వాడి రిపోర్టు మాత్రం తడుముకోకుండా చదివేశాను.

ఆసుపత్రికి వెళ్ళే బస్సులో గట్టిగా అనుకున్నాను. వాడు తిడితే తిట్టనీ, మత్తు డాక్టరుకు చెప్పేస్తాను.

మత్తు డాక్టరు కుర్రవాడే గానీ చురుకైనవాడు. మంచం పక్కన నిలబడి కాగితం మీద టిక్కులు పెట్టుకుంటున్నాడు.

"వంశంలో ఏమైనా జబ్బులున్నాయా?"

"పొగరు, డాక్టర్ గారూ."

డాక్టరు నవ్వి, వాడి మొహంలోకి పరీక్షగా చూశాడు. "కళ్ళు ఎప్పుడూ ఇలా వాలినట్టే ఉంటాయా? ఏదీ, నా వేళ్ళు గట్టిగా పట్టుకుని చటుక్కున వదలండి."

దొరికిపోయాడు, ఇప్పుడు చెప్పేయాలి అనుకుంటూ లేచాను. సంచీ నా ఒళ్ళోనే ఉంది. అంతలో వాడి కుడి చెయ్యి నడుం వెనక్కి పోయింది.

నా నోరు తెరుచుకుంది.

"డాక్టర్ గారూ, ముందు ఒక్కమాట! మీ అమ్మగారు కులాసాయేనా? ఇంత చిన్నవయసులో ఇంత చదువు చదివారు, ఆ తల్లి కడుపు చల్లగా. ఇవాళ ఏమైనా తిన్నారా అసలు? కళ్ళ కింద చూడండి, ఎలా గుంటలు పడ్డాయో. మీ మెట్ల దగ్గర బల్ల కాలు ఊగుతోంది, ఎవరైనా పడతారు. నేనే పడబోయాను. ఈ గోడలకీ రంగేమిటండీ, రోగం లేనివాడికి కూడా వచ్చేట్టుంది..."

"పెద్దమ్మా, పెద్దమ్మా, నెమ్మది," అని డాక్టరు నవ్వుతూ నా వైపు తిరిగాడు. నేను ఆగలేదు. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై.

"ఇదిగోండి," అని తమ్ముడు చెయ్యి చాపాడు. వాడు డాక్టరు వేళ్ళు పట్టుకుని, చిటికె వేసినట్టు వదిలాడు.

"బాగుంది," అని డాక్టరు టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తమ్ముడు నాకేసి కన్ను కొట్టాడు. నేను నవ్వాను. గెలిచామన్న సంతోషంతో ఛాతీ పొంగింది కూడా. ఆ తరువాత ఏం చేశానో తెలిసొచ్చి మంచం పట్టె పట్టుకున్నాను.

"ఒరే, వెళ్ళి చెప్పేస్తానురా."

"ఏమని చెప్తావ్? యాభై ఏళ్ళ నుంచీ ఊరందరికీ టోపీలు పెడుతున్నామనా? కూర్చో. ఎంత బాగా వాగావో, ఆ బల్ల కాలు మాట ఎక్కణ్ణుంచి తెచ్చావే?"

"నిజంగానే ఊగుతోందిరా."

స్ట్రెచర్ వచ్చేదాకా వాడు ఇలాగే మాటల్లో పెట్టి నన్ను కదలనివ్వలేదు. నన్ను కూడా ఎదుటివాళ్ళలో కలిపేశాడని అప్పుడు తోచలేదు. వాణ్ణి పడుకోబెట్టి తోసుకుపోతుంటే పక్కన నడిచాను.

"నా చెయ్యి పట్టుకోరా ఒకసారి."

"వద్దులే. వదలకపోతే నిన్నూ లోపలికి లాక్కుపోతారు," అని చెయ్యి దుప్పట్లోకి లాక్కున్నాడు.

తలుపులు మూసుకున్నాయి. అప్పటికి గానీ నాకు బుద్ధి రాలేదు. వసారాలో నేల మీద కూలబడి సంచీ బోర్లించాను. తువ్వాళ్ళు, ఫ్లాస్కు, గొడుగు. ఏ దుప్పటి మడతలో దాచానో గుర్తు రాలేదు. రెండూ విప్పాను, రెండో దాంట్లో దొరికింది. నర్సు చేతిలో పెడితే నిలబడే చదివింది. చదువుతూనే పరుగెత్తింది. అప్పటికే మత్తు ఇచ్చేశారు.

రాళ్ళు బాగానే తీశారు. సీసాలో వేసి నాకు చూపించారు కూడా. ఊపిరి పీల్చే కండరాలు మాత్రం మత్తులోంచి తేరుకోలేదు. ఉత్తరం ముందే ఇచ్చి ఉంటే వేరే మందు వాడేవాళ్ళమని ఆ కుర్ర డాక్టరు చెప్పాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆరు రోజులు మిషను మీద ఉంచారు.

తమ్ముడు ఇంటికి తిరిగి రాలేదు. సోమవారం పొద్దున పదిన్నరకు పోయాడు.