పేర్లు రాసే శనివారం

ప్రార్థనశాల ఊడ్చడం సగంలో ఉండగా పాపాయి చీపురు ఆగిపోయింది. అరుగు మీద జీవరాజు పడుకుని ఉన్నాడు. ఏడేళ్ళ రాజమండ్రి జైలు మనిషిని అరగదీసి నిన్నటి పడవలో తిప్పిపంపింది. చెంపలు లోపలికి పోయాయి, మోకాళ్ళు గడ్డం దాకా ముడుచుకున్నాయి. కాలవ నీటి వంతు దగ్గర మాటామాటా పెరిగి, పార కర్రతో ఆమె మొగుడు లాజరు తల పగలగొట్టినవాడు ఇతనే. పేరుకి సమాధిలోంచి లేచొచ్చిన బైబిలు లాజరే గానీ, ఆ మొగుడు నాలుగో రోజున కాదు గదా ఏడో ఏటికీ లేవలేదు. పాపాయి అతని చుట్టూ ఊడ్చి, మనిషంత దుమ్ము మిగిల్చి వెళ్ళిపోయింది.

పొద్దున గుడి ఊడ్పు, తర్వాత చేలో వరినారు ఊడ్పు. ఇన్ని ఊడ్చినా, ఆమె ఇంట్లో మాత్రం ఎవరో ముందే ఊడ్చేసినట్టుండేది. నలభై దాటిన మనిషి. వేళ్ళ సందులు బురదలో నాని తెల్లబడ్డాయి. నడుం వంచితే మధ్యాహ్నం దాకా ఎత్తదు.

ఇవాళ నడుం కంటే మనసే ఎక్కువ వంగి ఉంది. రేపు ఆదివారం, గుళ్ళో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనం. దానికి కూర్చోదలచినవాళ్ళు శనివారం సాయంత్రం ఉపదేశి అబ్రహాముగారికి పేర్లివ్వాలి. "ఎవరితోనైనా తగువుందా?" అని ఆయన ఒక్కొక్కరినీ అడుగుతాడు. ఉందంటే ఇద్దరి పేర్లూ రాయడు. జీవరాజు పేరిస్తానన్నాడు. పేరెక్కితే పేటలో పాకకి చోటిస్తామని పెద్దలు ఒప్పుకున్నారు. లేకపోతే సాయంత్రం పడవెక్కి ఎటో పోవడమే. పేరెక్కడమా, పడవెక్కడమా అన్నది పాపాయి నోట్లో ఉంది. ఆ నోటికేమో పొద్దుటినుంచి ఎక్కిళ్ళు.

"ఏంటే పాపాయీ, వరస అలా వంకరపోయింది? రాజమండ్రికి దారేస్తున్నావా?" అన్నాడు గట్టు మీద గొడుగేసుకున్న రైతు బుల్లిరాజు.

"సరిచేస్తానండి."

పక్క వరసలోంచి రత్తమ్మ గొణిగింది. "తగువుందని చెప్పెయ్యవే."

"చెబితే నా పేరూ పోద్ది గదే."

"పోతే పోనీ. మొగుడే పోయాడు, పేరెంత?"

పాపాయి నారుకట్ట విప్పింది. తగువు లేదంటే లాజరు చావు జరగనట్టే అవుతుందేమో. ఉందంటే ఇతగాడు ఏ రేవులోనో దిక్కులేక చస్తే, అదీ తన మెడకే చుట్టుకుంటుందేమో. విప్పిన నారుకట్టని మళ్ళీ కట్టింది. మళ్ళీ విప్పింది.

సాయంత్రం ప్రార్థనశాలలో అబ్రహాముగారు కళ్ళద్దాలు సర్దుకుని కలం పట్టుకున్నాడు. జీవరాజు గుమ్మం బయటే నిలబడ్డాడు. ఎప్పుడూ దగ్గే ముసలయ్య కూడా దగ్గలేదు.

"పాపాయమ్మా, జీవరాజుతో తగువుందా?"

"ఒక మాట అడగాలండి." ఆమె గుమ్మం వైపు తిరిగింది. "పడ్డాక ఆయన ఏవన్నా అన్నాడా?"

జీవరాజు ద్వారబంధం పట్టుకున్నాడు. "మంచినీళ్ళన్నాడు. కాలవ పక్కనే ఉంది. నేను పారిపోయాను."

రత్తమ్మ ఛీ అంది. పాపాయి కొంగు నోట్లో కుక్కుకుంది. ఈ మాట కోర్టులో ఎవరూ అడగలేదు. అడగాలని ఏడేళ్ళూ తనకీ తోచలేదు.

"రాసుకోండి," అంది చివరికి.

"ఎవరి పేరమ్మా?"

"ఇద్దరివీనండి."

కలం ఇంకా గీరుతూండగానే ఆమె లేచి, కుండలో ముంత ముంచి గుమ్మం అవతలికి తీసికెళ్ళింది. గుమ్మం దాటేసరికి సగం ఒలికిపోయింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ నింపుకొచ్చింది.

"తాగు."

అతను రెండు చేతులా అందుకున్నాడు. నోటిదాకా ఎత్తలేదు.

లోపల ప్రార్థన మొదలైంది. పాపాయి లోపలికొచ్చి కూర్చుని కళ్ళు మూసుకుంది గానీ చెవులు మూసుకోలేకపోయింది. కాలవ మీద పడవ బూర ఒకసారి వినిపించింది. ఇంకోసారి వినిపించింది. అందరూ ఆమెన్ అనకముందే లేచి బయటికొచ్చింది.

అరుగు ఖాళీ, రేవులో పడవా లేదు. గోడవారన ముంత, అంచుదాకా నిండుగా. చీమలు పడకుండా దాని మీద ఒక అరిటాకు ముక్క, ఆకు ఎగిరిపోకుండా ఒక చిన్న గులకరాయి.