మీరెవరో తెలియడం లేదు

"ఈ కొత్త తాళానికి బ్యాటరీ అయిపోతే ఏం చేస్తావే? లోపల నేను కళ్లు తిరిగి పడిపోతే తలుపెవరు తీస్తారు?" అంది అమ్మ.

కూతురు నవ్వేసింది. "అన్ని అనుమానాలూ నీకే వస్తాయి! ఇక తాళంచెవి కోసం ఇల్లంతా వెతకక్కర్లేదు, వేలు పెడితే చాలు," అంటూ పాత తాళం ఊడదీసింది. కొత్తది నాలుగుసార్లు మొరాయించాక గాని అమ్మ వేలిని ఒప్పుకోలేదు.

మర్నాడు దారపురీలు కొనుక్కొచ్చి అమ్మ తాళం మీద బొటనవేలు పెట్టింది. "మీరెవరో తెలియడం లేదు," అని తీయటి గొంతుతో పలికింది తాళం. వేలు తుడిచి మళ్లీ పెట్టింది. మళ్లీ అదే మాట. ఫోన్ చేస్తే కూతురు ఏదో నంబరు చెబుతుంది. సొంత ఇంట్లోకి పోవడానికి నంబరేమిటని, అమ్మ మెట్ల మీదే కూర్చుని సంచిలోని చొక్కాకి గుండీలు కుట్టసాగింది.

సాయంత్రం కూతురు వచ్చి కంగారుపడింది. "ఫోన్ చేయొచ్చుగా అమ్మా! నీ వేళ్లు నున్నగా అరిగిపోయాయి. దాని తప్పేం లేదు."

"అయితే నాదా తప్పు? ముప్పై ఏళ్లు సూదితో, ఇస్త్రీపెట్టెతో అరిగిన వేళ్లివి. ఈ వీధిలో కుక్కలకి కూడా నేను తెలుసు, దీనికి తెలీదంట! ఇది ఊడేదాకా నా కుట్టుపని ఈ మెట్ల మీదే."

రెండు గుండీలు పూర్తయ్యేదాకా కూతురు ఆ వేళ్లనే చూస్తూ నిలబడింది. చివరికి పక్కన చతికిలబడి అంది.

"పాత తాళం ఎక్కడ దాచావో చెప్పు."