చివరి రాతికడీ

తేనెటీగకైతే మోకాళ్లు నొయ్యవు, నాగా పెట్టదు, చాయ్ అడగదు. మరి తేనెటీగలే వచ్చేస్తే తనను పనికెవరు పిలుస్తారు? నీలమ్మ మగ పువ్వును తుంచి, రేకలు వెనక్కి మడిచి, చిన్న పిందె కొసన విచ్చుకున్న ఆడ పువ్వుకు అద్దింది. మళ్లీ ఇంకొకటి. మధ్యాహ్నానికి పువ్వు వాడిపోతుంది. అద్దని పిందె పసుపెక్కి రాలిపోతుంది.

చిన్న మంగళారం ఊళ్లో పరమేష్ కౌలుకు చేస్తున్న ఈ కాకర పందిరి కిందికి మొన్నటి వరకు రెండేళ్లుగా ఒక్క తేనెటీగ రాలేదు. వాటి పనిని ఇద్దరు ఆడవాళ్లు చేస్తున్నారు, రోజుకు నాలుగు వందలకు.

"ఇన్ని పెండ్లిళ్లు చేస్తున్నం గద అవ్వా, ఒక్కలన్న బువ్వకు పిలుస్తరా?" పక్క సాలులోంచి కవిత అంది.

నీలమ్మ చూపు పందిరిని మోసే చివరి రాతికడీ మీద ఉంది. అక్కడ ఆకుల చాటున అరచేతంత తేనెపట్టు. మూడు రోజుల కిందటే చూసింది. అవతల ప్లాట్లు చేసిన భూమి అమ్ముడుపోక పడి ఉంది. మందు కొట్టేవాడు లేక గునుగు, తంగేడు ఏపుగా పెరిగాయి. ఈగలు అక్కడ బతికి ఇటు వచ్చాయి. ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే పరమేష్ మురిసిపోతాడు, రేపటి నుంచి రావద్దంటాడు.

ఇంట్లో భర్త మైసయ్య మంచం దిగడు. పదిహేనేళ్లు ఊరి చేలకు పురుగుమందు కొట్టాడు, ముఖానికి గుడ్డ కూడా కట్టకుండా. "పొద్దుగాల గాలుండదే, మందు ఆకుకు మంచిగ పడ్తది" అనేవాడు. ఊరంతా అలాగే కొట్టించింది, సరిగ్గా పువ్వు విచ్చే వేళకు. ఈగలు పోయాయి. ఇప్పుడు భర్త ఊపిరి పోతోంది. తన కూలి ఆ ఈగల చావులోంచే పుట్టింది. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా ఆమె చేతులు ఇంకా వేగంగా కదులుతాయి.

గట్టు మీద స్ప్రే మోటరు మోగింది. మందు కొట్టే కుమార్ పైపు లాక్కుంటూ వచ్చాడు.

"తోట పువ్వు మీదున్నది కుమార్. మాపటికి కొట్టరాదా?" అంది నీలమ్మ.

"తొమ్మిదింటికి ఫామ్‌హౌస్‌ల లాన్‌కు కొట్టాలె. మాపటికి నాకు తీరదు, ఇంకెవడన్న వస్తడా? జర పక్కకు జరుగవ్వా."

పరమేష్ గట్టు మీంచి నవ్వాడు. "నీకెందుకవ్వా ఫికర్? సచ్చెటందుకు ఈడ ఈగలేమన్న ఉన్నయా?"

లేవంటే చాలు, తన కూలి నిలుస్తుంది. ఏమీ అనకపోయినా చాలు. ఆమె ఇంకో మగ పువ్వు తుంచింది. కుమార్ చివరి రాతికడీ వైపు నడిచాడు.

ఆమె అద్దబోతున్న పువ్వు మీద ఒక ఈగ వాలింది. తొందరేమీ లేకుండా పువ్వంతా కలియదిరిగింది. దాని కాళ్లకు పసుపు పొడి. తన వేళ్లకూ అదే పొడి. అది లేచి పట్టు వైపే పోయింది.

నీలమ్మ పందిరి కింది నుంచి వంగి బయటికి వచ్చింది. మోకాళ్లు పట్టుకుపోతున్నా గట్టెక్కింది. మోటరు మీది ఎర్ర బటన్ నొక్కింది. కుమార్ చేతిలో స్ప్రే గన్ నాలుగు చుక్కలు కార్చి ఆగింది.

"గదేందవ్వా, బంద్ చేసినవ్?" అన్నాడు పరమేష్.

"ఉన్నయి, బిడ్డా" అంది నీలమ్మ. "ఆ కొస కడీకి పట్టున్నది."

పసుపంటిన వేలిని ఆమె బటన్ మీంచి తీయలేదు.