గొంగడి దొంగ

రోజూ కుక్క చేత కరిపించుకోవడం ఎల్లేశం పని. వినేవాళ్లకు నవ్వొస్తుంది గానీ, చేసేవాడికి రాదు.

పోలీసు చర్య జరిగిన మరుసటి వేసవి అది. మాదాపూర్ గుట్ట మీద బంగళా కట్టుకున్న వెంకటనారాయణ దొరకు ఎవరొచ్చి ఏం చేస్తారోనని నిద్ర కరువైంది. ఎక్కణ్ణుంచో షేర్ అనే సీమకుక్కను తెప్పించాడు. దొంగ మీద పడడం దానికి నేర్పడానికి, నిజాం ఫౌజులో కుక్కల్ని సాకిన బాలనర్సయ్యను పెట్టాడు. మరి నేర్పాలంటే దొంగ కావాలి కదా! ఊళ్లో గొంగళ్లు నేసే ఎల్లేశం దొరికాడు. దొర పిలిస్తే రానని చెప్పేంత గుండె ఆ రోజుల్లో ఎవరికుంది?

బాలనర్సయ్య జాగ్రత్త మనిషే. మెడపట్టీ కుట్లు ఊడాయేమో రోజూ చూసేవాడు. పొడుగు తాడును ఎవరినీ చేతికి చుట్టుకోనిచ్చేవాడు కాదు. చుట్టుకుంటే, కుక్క ఉరికినప్పుడు వేళ్లు విరుగుతాయి. పని కాగానే ఎద్దుకు కట్టినట్టు దాని మూతికి చిక్కం కట్టేవాడు. ఎల్లేశానికి మాత్రం ఒకటే మాట నూరిపోశాడు.

"పట్టినంక గుంజకు. గుంజితె కండ ఊడొస్తది. రాయి లెక్క నిలబడు. నేను 'ఛోడ్' అంటె అదే ఇడుస్తది."

మొదట్లో చేతికి గోనెసంచి చుట్టేవారు. అది నాలుగు కాట్లకే పీలికలైంది. "నా గొంగడి తెస్త, జర సూడన్నా," అన్నాడు ఎల్లేశం, కాస్త గర్వంగానే. లోపల బర్రె తోలు, పైన మడతలు పెట్టిన నల్ల గొంగడి. షేర్ పళ్లు దిగలేదు. ఎండాకాలమంతా అదే కట్టు. ఆ ఎండల్లో ఊళ్లో ఇంకెవరి ఒంటి మీదా గొంగడి లేదు గనక, అందరూ భేష్ అన్నారే తప్ప ఎవరి బుర్రకూ ఏమీ తట్టలేదు.

మృగశిర కార్తెలో ఒక మధ్యాహ్నం. ఎల్లేశం చేతి కట్టు విప్పి బండ మీద పెట్టాడో లేదో, టపటపమని చినుకులు మొదలయ్యాయి. ఆ ఏటికి మొదటి వాన. హమ్మయ్య, ఈ పూటకు బతికిపోయాననుకుని కిందికి చూశాడు. చెలకల్లో దున్నుతున్నవాళ్లు ఒక్కొక్కరే నెత్తిన గొంగడి కొప్పెర వేసుకుంటున్నారు. సగం అతను నేసినవే. మురిపెంగా చూస్తున్నవాడికి ఉన్నట్టుండి తట్టింది. షేర్ లెక్కన ఊరంతా దొంగలే!

"అన్నా!" అంటూ గిర్రున తిరిగాడు.

బాలనర్సయ్య చిక్కం కట్టబోతున్నాడు. ఎండలకు పెళుసెక్కిన మెడపట్టీ పుటుక్కున తెగింది. షేర్ ఒక్క గుంజుతో బయటపడి, బండల మధ్య దారి వైపు చెవులు నిక్కించింది.

ఆ దారిన ఎల్లేశం పెళ్లాం భూలక్ష్మి ఎక్కి వస్తోంది. మబ్బు పట్టడం చూసి, మొగుడు తడుస్తాడని బయల్దేరింది. నెత్తి నుంచి మోకాళ్ల దాకా గొంగడి. లోపల చంకలో బిడ్డ.

ఇటు రావద్దని ఎల్లేశం ఎన్నిసార్లు చెప్పాడో! "గొంగడి పారెయ్యే! పారెయ్యి!" అని గొంతు చించుకున్నాడు. ఆమె కుక్కను చూసింది. చూసి, గొంగడిని బిడ్డ చుట్టూ ఇంకా బిగించుకుంది. ఏ తల్లయినా అదే చేస్తుంది.

"హోయ్! హోయ్!" రోజూ కుక్కను రెచ్చగొట్టే అరుపే అరిచాడు. షేర్ తల కూడా తిప్పలేదు. గొంగడి లేని ఎల్లేశం దానికి ఎవరూ కాడు.

చేతికి చుట్టుకునే తీరిక లేదు. బండ మీది గొంగడి లాగి నెత్తిన కప్పుకుని, పెడబొబ్బలు పెడుతూ దానికి అడ్డంగా ఉరికాడు. తోలు ఎక్కడో జారిపోయింది. కుక్క ఆగింది. ఇటు చూసింది. తిరిగింది. అమ్మయ్య తిరిగింది అనుకునేలోపే మీద పడింది. ఒంటిపొర గొంగడిలోంచి కోరలు జబ్బలోకి దిగాయి.

కళ్లు బైర్లు కమ్మాయి. చెయ్యి లాక్కోమని ఒంట్లో నరనరమూ మొత్తుకుంటోంది. గుంజకు, గుంజకు అని తనకు తానే చెప్పుకుంటూ నిలబడ్డాడు. బాలనర్సయ్య పరిగెత్తుకొచ్చాడు.

"ఛోడ్!"

షేర్ వెంటనే వదిలేసింది. భేష్ అంటారని తోక ఊపుతూ మొహంలోకి చూసింది. పాపం, దాని తప్పేముంది! బాలనర్సయ్య చిక్కం బిగించి, మెడకు తాడు వేసి పట్టుకున్నాడు. ఎల్లేశం తన మీది గొంగడి విసిరికొట్టాడు.

భూలక్ష్మి ఏడుస్తూ వచ్చింది. నెత్తురోడుతూ వణుకుతున్న మొగుడికి తన గొంగడి తీసి కప్పబోయింది.

"వద్దు! దగ్గరికి తేకు!" ఎల్లేశం వెనక్కి దుమికాడు. జీవితమంతా గొంగళ్లు నేసినవాడు గొంగడిని చూసి దడుచుకున్నాడు.

"ఏందయ్యా గిట్ల జేస్తవ్? దానికి గొంగడంటె పగేంది?"

"నేనే నేర్పిన." అతను జబ్బ అదిమి పట్టుకున్నాడు. "గొంగడి కప్పుకున్నోడె దొంగ అని ఎండకాలమంత నేనే నేర్పిన."

బాలనర్సయ్య తల వంచుకున్నాడు. "ఇయ్యాల్టి సంది దీన్ని రాత్రిపూట ఇడువుమన్నడు దొర," అన్నాడు మెల్లగా. "అద్దంటె ఇంటడో ఇనడో."

పొద్దుగూకినాక వాళ్లంతా చెలకల నుంచి ఊళ్లోకి పోయే బాట గుట్ట మీదుగా, బంగళా ముందు నుంచే. కింద నాగలి పట్టిన భూలక్ష్మి తండ్రి పోచయ్య మీదా గొంగడే. ఆమె బిడ్డను మొగుడి మంచి చేతికి అందించింది. గొంగడిని అక్కడే పడేసి, తడి బండల మీద జారుతూ లేస్తూ, వట్టి నెత్తితో కిందికి ఉరికింది.

"నాయినా! గొంగళ్లు తియ్యుండ్రి! ఓ నాయినా!"

వాన దంచుతోంది. ఆమె కేక వాళ్లకు అందుతోందో లేదో పైనున్న ఎల్లేశానికి తెలియలేదు. బిడ్డను గుండెకు అదుముకుని చూస్తూ నిలబడ్డాడు. చెలకల్లో ఒక్క గొంగడీ దిగలేదు.