రేకుల గదిలో ఐదు చుక్కలు

ఆ పొద్దున ఆకాశంలో నీలం లేదు. సున్నం కడిగిన నీళ్లలా తెల్లటి మసక ఒకటి పరుచుకుని ఉంది. అది మబ్బు కాదు. సూర్యుడు దాని వెనక నుంచే కాస్తున్నాడు. కాకులు అప్పటికే నోళ్లు తెరిచి పిట్టగోడ మీద కూర్చున్నాయి. మా ఊళ్లో ఇలాంటి ఆకాశం చూస్తే ఆ పూట ఎడ్లను కొట్టంలోంచి విప్పరు.

నేను నిచ్చెన మీద నిలబడి మా గది రేకుల మీద పరిచిన గోనెసంచులను తడుపుతున్నాను. పోసిన నీళ్లు పోసినట్టే ఆరిపోతున్నాయి. పట్నంలో ఆసుపత్రికి దగ్గరగా, బన్సీలాల్‌పేట్‌లో మూడంతస్తుల పాత ఇంటి డాబా మీద ఒంటి గది మాది. కింది గదుల కోసం చాలా తిరిగాం. మంచంలో ఉన్న మనిషి అని చెప్పగానే ఇంటివాళ్లకు ఏదో పని గుర్తొచ్చేది, తర్వాత చెబుతామనేవారు. ఈ ఇంటాయన రామ్మోహనరావు గారొక్కరే ఉన్నదేదో ఇచ్చారు. సుమిత్రను వీపు మీద మోసుకుని పైకి తెచ్చాను.

సుమిత్ర నా భార్య. తను ఎక్కిన పత్తి ట్రాక్టర్ ట్రాలీ బోల్తా పడినప్పుడు ఆమె వెన్నుపూస విరిగింది. చేతులు పనిచేస్తాయి, నోరు అంతకన్నా బాగా పనిచేస్తుంది. రొమ్ము కింద నుంచి స్పర్శ లేదు, చెమట కూడా లేదు. ఎండ ముదిరితే నుదురు, మెడ, రవిక పైభాగం తడుస్తాయి. అక్కడికి ఒక గీత గీసినట్టు తడి ఆగిపోతుంది. గీత కింద ఒళ్లు పొడిగా, ఇటుకలా కాలుతుంది. ఆ వేడి ఆమెకు తెలియదు. నా అరచేతికి తెలుస్తుంది.

ఈ ఎండాకాలం మొదట్లోనే రెండుసార్లు కళ్లు తేలేసింది. ఆమెను చూసే డాక్టరమ్మ గోడకు తగిలించుకోమని ఒక థర్మామీటర్ ఇచ్చి, గదిలో వేడి ఇరవై ఎనిమిది డిగ్రీలు దాటనివ్వొద్దంది. గది చల్లబడకపోతే కీసర దారిలో ఒక ఆశ్రమం ఉంది, అక్కడ చేర్చమంది. మందపు గోడల ఇల్లట. ఆడవాళ్లకే. మగవాళ్లు ఆదివారం వచ్చి చూసి వెళ్లాలి. పెళ్లయిన తర్వాత మేము విడిగా పడుకున్నది ఆసుపత్రి ఆడవార్డు రోజుల్లోనే. అప్పుడు కూడా నేను వార్డు బయటి వరండాలో ఉన్నాను.

అందుకని ఏసీ కొన్నాం.

నేను మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. రాంగోపాల్‌పేట్ దుకాణంలో వరసగా పెట్టిన ఏసీల మీద కాగితాలు అంటించి ఉన్నాయి. వాటి మీద ఎర్ర చుక్కలు. కొన్నిటికి మూడు, కొన్నిటికి ఐదు. అంగట్లో ఎద్దును కొనేటప్పుడు మేము సుడులు చూస్తాం. మంచి చోట సుడి ఉంటే ఆ ఎద్దుకు సత్తువ ఎక్కువంటాం. నాకు తెలిసిన చూపు అదే. ఐదు చుక్కలున్న వాటిలో మాకు అందేది ఒకటి చూపించాను. ఒక టన్ను అన్నారు. అంత బరువు మా గది గోడ మోస్తుందా అని అడిగితే దుకాణంలో అందరూ నవ్వారు. ఆ తర్వాత నేనేమీ అడగలేదు.

బిగించిన సాయంత్రం గది చల్లగానే ఉంది.

"ఇగ నేను ఫైవ్ స్టార్ల పండుకున్నట్టే," అంది సుమిత్ర. "నువ్వు కింద సాప మీద పండుకుంటవ్ గదా, నీది త్రీ స్టార్."

మర్నాటి నుంచి కథ మారింది. రేకులు ఎండకు టిక్కు టిక్కుమని విచ్చుకునే వేళకు థర్మామీటర్ ముప్పై నాలుగు చూపేది. రిమోట్‌లో అంకెను పదహారుకు దించినా అంతే. ఏసీ పాడైందనుకుని మా గల్లీ మెకానిక్ చాంద్‌పాషాను రమ్మన్నాను. మమ్మల్ని అన్నా, వదినా అని వరస కలిపి పిలుస్తాడు. ఆ పొద్దున నేను గోనెసంచులు తడిపి దిగేసరికి చాంద్‌పాషా సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చాడు.

"ఏంది వదినా, మిషన్ అలిగిందంట?"

"గాలి మంచిగనే ఊదుతున్నది మరిదీ. సల్లదనమే, మీ అన్న నోట్ల మాటలెక్క, బయటికొస్తలేదు."

అతను నవ్వి పనిలోకి దిగాడు. జాలీ తీసి కడిగాడు. డాబా మీద పెట్టిన బయటి డబ్బాకు గొట్టం తగిలించి గ్యాస్ చూశాడు. ఆ డబ్బా ఊదే గాలికి నేను చేయి అడ్డం పెట్టాను. పొయ్యి ముందు పెట్టినట్టుంది. చాలాసేపు చూసి, చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

"గ్యాస్ ఫుల్లున్నది. కంప్రెషర్ మంచిగున్నది. మిషన్ల ఏం తప్పు లేదన్నా."

నేను ఏసీ మీది కాగితం వైపు చూశాను. తప్పుంటే బాగుచేసేవాడు.

"ఐదు చుక్కలున్నయ్ గదా," అన్నాను.

"ఉన్నయ్. అయితే?"

"సత్తువ."

చాంద్‌పాషా నా ముఖం చూశాడు. నవ్వలేదు.

"సత్తువ కాదన్నా. స్టార్లు కరెంటు సంగతి చెప్తయ్. ఎక్కువ స్టార్లుంటే తక్కువ కరెంటు తింటదని."

"మేత తక్కువ."

"ఆ, గదే. ఎంత లాగుతదో టన్ను చెప్తది. టన్ను అంటే బరువు కాదు, సల్లదనం కొలత. నీది చిన్న ఎద్దు. మంచిదే, కానీ దీనికి కట్టిన బండి సూడు." రేకుల వైపు చేయి చూపాడు. "ఇంకోటి. గా స్టార్ల లెక్క ఏడనో మంచి గదిల పెట్టి తీస్తరు. నడి ఎండల, రేకుల కింద, డాబా మీద బయటి డబ్బా సుత మండుతుంటె ఎవ్వరు తియ్యరు. పైంగ ఈ కాయితం మీద పాత ఏడాది ఏసున్నది. గప్పటి ఐదు, ఇప్పటి లెక్కల ఐదు కాదు."

"సుడులు సూసిండు, పండ్లు సూడలే," అంది సుమిత్ర.

ఎద్దు వయసు పళ్లు చూసి చెబుతారు. చాంద్‌పాషాకు ఆ సంగతి తెలియదు, ఊరికే తల ఊపాడు.

"పదహారు పెట్టిన," అన్నాను.

"పదహారు నువ్వడిగేదన్నా. అదిచ్చేది కాదు."

"పెద్దది పెడితే?"

"ఈ వైరు ఆగదు. కింది నుంచి కొత్త లైను గుంజాలె."

రామ్మోహనరావు గారిని అడిగి లాభం లేదు. మా ఏసీ మొదలైనప్పుడల్లా కింద వాళ్ల బల్బు కునుకుతుంది. మొన్ననే ఆయన చేతులు జోడించి, ఇంతకంటే ఈ ఇల్లు మొయ్యదయ్యా పర్వతాలూ అని నాతో అన్నారు. మనిషి చెడ్డవాడు కాదు. ఇల్లే ముసలిది.

"లైను గుంజినా నిజం చెప్పాలె," అన్నాడు చాంద్‌పాషా గొంతు తగ్గించి. "రెండు టన్నులు పెట్టినా, నడి పగటీలి నీ ఇరవై ఎనిమిది వస్తదని నేను మాటియ్య. లోపల రేకులకు థర్మాకోల్ కొట్టిస్తే జెర తగ్గుతది."

"జెరతోని కాదు మరిదీ," అంది సుమిత్ర. ఆమెకు అంతా వినిపిస్తూనే ఉంది. "నేను నవ్వుకుంట ముచ్చట పెడుతుంటనే కాలిపోత. నాకు సుత తెల్వది."

తర్వాత నా వైపు తిరిగింది.

"ఫోన్ చెయ్యి."

నేను గోడను చూశాను. సున్నం పెచ్చు ఒకటి లేచి ఉంది.

"ఏందయ్యా, గోడకు చెప్తున్ననా? రోహిణి కార్తె ఇంక రానే లేదు. చెయ్యి."

"ఎండలు తగ్గినంక సూద్దాం."

"తగ్గిందాంక నేనుంటే గదా."

నేను మంచం దగ్గరికి వచ్చి ఆమె వీపు వెనక తలగడ సర్దాను. ఆమె చేయి చాచి నా జేబులోంచి ఫోన్ లాక్కుంది. ఆశ్రమం నంబరును డాక్టరమ్మ ఎప్పుడో అందులో ఎక్కించింది.

"అమ్మా, నేను సుమిత్రను. డాక్టరమ్మ చెప్పింది గదా, గా సుమిత్రను. ఆ. ఒక్కదాన్నే. ఆయనుండడు, ఎరికే. రేపు పొద్దుగాల వస్తం, ఎండెక్కకముందే." ఫోన్‌ను రెండో చెవికి మార్చుకుంది. "అమ్మా, వానలు పడ్డంక ఇంటికి పంపిస్తరు గదా?"

అవతల ఏమన్నారో నాకు వినిపించలేదు. చాలాసేపు విన్నది.

"మంచిది," అని ఫోన్ పెట్టేసింది.  

చాంద్‌పాషా పానాలు ఒక్కొక్కటే సంచీలో వేసుకుంటున్నాడు, చప్పుడు కాకుండా.

"ఏడికి?" అంది సుమిత్ర. "గీ ఎండల ఎటు పోతవ్? కూసో. తిని పో."

"వద్దు వదినా."

"వదినె పెడితే వద్దంటరా?"

అతను కూర్చున్నాడు. మంచం పక్కన చాప పరిచాను. పొద్దున వండిన అన్నం, పచ్చిపులుసు, నూనెలో వేయించిన ఎండు మిరపకాయలు. ముగ్గురికీ వడ్డించాను. సుమిత్ర పళ్లెం ఒళ్లో పెట్టుకుంటుంది. పళ్లెం అంచు ఒత్తుకున్నా ఆమె తొడలకు తెలియదు కాబట్టి దాని కింద తువ్వాలు మడిచి పెట్టాను. రోజూ పెట్టేదే. ఆమె ఆ తువ్వాలును చూసింది. ముఖం అటు తిప్పుకుని, పులుసు పోసుకుని ముద్ద కలిపింది.

చాంద్‌పాషా తల వంచుకుని తిన్నాడు. అతని పళ్లెం ఖాళీ అయితే మళ్లీ పెట్టాను, వద్దనలేదు. సుమిత్ర తిన్నాక ఆ తువ్వాలును దులిపి, రేపు ఆమెతో పంపే బట్టల్లో పెట్టాను.