మొగ్గ విచ్చేలోగా

కచ్.

వంటింట్లో గిన్నెలు తోముతున్న ఆమె చేతులు నురగలోనే ఆగిపోయాయి. పిల్లి ఆకు కొరికితే ఇంత పదునైన చప్పుడు రాదు. హాల్లోంచి మళ్లీ వినబడింది. కచ్.

చేతులైనా తుడుచుకోకుండా పరుగెత్తింది. కిటికీ దగ్గర అత్తగారు, చేతిలో కత్తెర. నేలమీద రెండు లిల్లీ ఆకులు. పడకగది తలుపు మూసి ఉంది. దాని వెనక పిల్లి గీరుతోంది. కత్తెర నోరు మొగ్గ మెడ దగ్గర తెరుచుకుని ఉంది.

"ఏం చేస్తున్నారత్తయ్యా!"

"నిన్న నువ్వు పిల్లి డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడటం విన్నాలే. ఇది విచ్చితే పుప్పొడి రాలుతుందట, పిల్లి నాకితే మూత్రపిండాలు పోతాయట. ఆకు కొరికినా అంతేనట. పిల్లికి ఇంకో ఇల్లు చూడమని దాన్ని వదిలించుకోబోయావు చూడూ, అదీ విన్నాను. నాకో మాట చెప్పలేకపోయావా?"

ఎలా చెప్పడం? ఆ ఇంట్లో మొక్కలన్నీ భర్తవి, నీళ్లు మాత్రం ఆమెవి. వచ్చినవాళ్లకు "నా మొక్కలు చూశారా" అని చూపించేది ఆయన, పండుటాకులు ఏరేది ఆమె. పిల్లి గుప్పెడు మట్టి తోడిందా, "ఇదిగో, నీ పిల్లి!" అన్న కేక. వానకు తడిసి తను పనిచేసే క్లినిక్ మెట్లమీద ముడుచుకున్న దాన్ని సంచిలో పెట్టుకుని తెచ్చిన రోజునే ఆయన తీర్పు చెప్పేశాడు: "పేరు మాత్రం పెట్టకు. పేరు పెడితే ఇక పోదు." పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చుని పొద్దస్తమానం ఎవరెవరి పేర్లో పిలిచే ఆమె, ఇంటికొచ్చి పేరులేని పిల్లిని నాలుకతో చప్పరించి పిలిచేది. ఇంట్లో ఆమె పేరు మాత్రం ఏముంది? "ఇదిగో." అత్తగారి పేరైతే ఏదో గుర్తింపు కార్డుమీద చూడటమే తప్ప ఏ నోటా వినలేదు. "ఇది నాది" అని ఆవిడ అనగా విన్నది ఈ ఒక్క లిల్లీ కుండీ గురించే. దాన్ని తీసేయమని ఏ నోటితో అడగడం? పిల్లినే వదులుకుంటే సరి. వదులుకోవడం కొత్తా? పైచదువు వదులుకుంది, పొద్దుటి నిద్ర వదులుకుంది, వేడివేడిగా తినడం వదులుకుంది. ఇదొకటి.

"ఇంత రభస దేనికి?" అన్నాడు భర్త, కిటికీ పక్క వాలుకుర్చీలోంచి. "పిల్లినిచ్చేస్తే గొడవ వదిలె. లేదా అమ్మ ఆ మొగ్గేదో కోసేస్తే పీడా పోయె."

పోవలసినవి రెండూ ఆడవాళ్లవే. చాపిన ఆయన కాలు మాత్రం చాపినట్టే ఉంది. ఆమెకు ఉన్నట్టుండి నవ్వొచ్చింది. ఒకరికోసం ఒకరు వదులుకోవడంలో తామిద్దరూ పోటీ పడుతుంటే, వేడుక చూసే మనిషి కుర్చీ కూడా వదల్లేదు.

మెల్లగా అత్తగారి చేతిలోంచి కత్తెర తీసుకుంది. రాలిన ఆకులు రెండూ ఏరి కవర్లో మూటగట్టింది.

"మీరూ వదలొద్దు, నేనూ వదలను. లిల్లీ నాతో క్లినిక్‌కి వస్తుంది. సాయంత్రాలు మీరొచ్చి నీళ్లు పోయండి." భర్త వైపు తిరిగింది. "మీరు లేవండి."

"నేనెందుకూ?"

"మనీప్లాంటు కొరికితే దానికి నోరు మండుతుంది. అందకుండా పైన వేలాడదీయాలి. కుండీల మట్టిమీద గులకరాళ్లు పరవాలి. మీ కుర్చీ చోట గడ్డి తొట్టి పెడతాను, అది కొరుక్కోవడానికి."

"పిల్లి గడ్డికి నా కుర్చీయా!"

"లేవరా," అంది అత్తగారు. "పుట్టినప్పట్నుంచీ కూర్చునే ఉన్నావు."

ఆయన గొణుక్కుంటూనే స్టూలెక్కాడు, గొణుక్కుంటూనే కొక్కేలు బిగించాడు. లిల్లీ గడప దాటాక పడకగది తలుపు తీశారు. జారిపడిన మరను పిల్లి తన్నుకుంటూ మంచం కిందికి పోతే, గొణుగుడు మధ్యలో ఆయనకే నవ్వొచ్చింది.

క్లినిక్ కిటికీలో మొగ్గ విచ్చింది. తెల్లటి బూరలాంటి పువ్వు. రోగుల వరసలో చేతిసంచి ఒళ్లో పెట్టుకుని అత్తగారు కూర్చుంటే, ఆమె ఒక్కొక్క పేరే పిలుస్తూ పోయింది. వరస ఖాళీ అయ్యాక ఆవిడ అంది: "ఎంత బాగా పిలుస్తావే అమ్మాయ్! బుగ్గ వాచినవాడి మొహం కూడా తన పేరు వినగానే తేటపడుతోంది."

"మీ పేరూ పిలవనా?"

"కార్డులో ఉన్న పేరు నాకే కొత్త. మా నాన్న నన్నో పిట్ట పేరు పెట్టి పిలిచేవాడు. ఆయనతోనే పోయింది."

"ఏం పిట్ట?"

"చాల్లే," అని అత్తగారు సిగ్గుపడి పువ్వువైపు తిరిగిపోయింది.

ఇంటికొచ్చి ఇద్దరూ బట్టలు మార్చుకున్నారు, మోచేతుల దాకా కడుక్కున్నారు. పుప్పొడి ఇంట్లోకి రాకూడదు. హాల్లో భర్త నేలమీద చతికిలబడి ఉన్నాడు. గడ్డి తొట్టి పక్కన పిల్లి, పిల్లి పక్కన ఆయన.

"ఇంతకీ ఇది ఉన్నట్టేనా, మళ్లీ ఎవరికైనా ఇచ్చేస్తానంటారా? ఏదో ఒకటి తేల్చండి," అన్నాడు. "నాకు అలవాటైపోతోంది."

ఆమె నోరు తెరిచేలోగా అత్తగారు మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా కిందికి దిగి, గడ్డి ముందు కూర్చుని, తడి ఆరని చెయ్యి పిల్లివైపు చాపింది. ఆ గొంతు అత్తగారిది కాదు. నాన్న పిలుపు కోసం ఏ గుమ్మంలోనో చెవులు రిక్కించుకుని నిలబడ్డ చిన్నపిల్లది.

"గువ్వా!"