ఒకే నంబరు, రెండు గుమ్మాలు

నెట్ రాకపోతే మా ఊళ్ళో నన్ను తిట్టడం ఆనవాయితీ. వాన పడితే నన్ను, కరెంటు పోతే నన్ను, ఎవడి ఫోను వాడు నీళ్ళ తొట్లో పడేసుకున్నా నన్నే. సుంబింగ్ కొండ మడతలో ఉన్న ఊరు మాది. కింద నది వంపు దాటితే తప్ప సెల్‌ఫోనుకి ఒక్క గీత రాదు. పట్నం నుంచి గాలి మీదుగా కనెక్షన్ పట్టి, ఎత్తున గిన్నె యాంటెన్నా కట్టించి, పొగాకు మళ్ళ గట్ల వెంబడి తీగలు లాగించి ఇంటింటికీ నెట్ ఇచ్చింది నేను. నా పేరు వూర్యాని. సెమరాంగ్ నగరంలో కంప్యూటర్ల కొట్లో పనిచేసి, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి పడ్డాను.

ఒక్క విషయంలో నా మాట చెల్లలేదు. ఊరి తీగలన్నీ వచ్చి కలిసే అసలు పెట్టె నా ఇంట్లో ఉంచుకుంటానన్నాను. మా వాడపెద్ద హార్జితో గారు ఒప్పుకోలేదు. "మా ఇల్లు ఎత్తున ఉంది. పైగా ఊరి వస్తువు ఊరి పెద్ద ఇంట్లో ఉండటం పద్ధతమ్మా" అన్నారు. మా వైపు ఎవరైనా పద్ధతి అన్నారంటే ఇక నోరు మూసుకోవాల్సిందే. పెట్టె ఆయన ముందుగది గోడకెక్కింది. నాకప్పుడే ఒళ్ళు మండింది, కానీ ఊరుకున్నాను.

ఆయన కూతురి పెళ్ళినాడు మా ఊరి ఆడవాళ్ళందరం వెనక వంటపాకలో ఉన్నాం. ఎవరింట్లో పెళ్ళయినా అంతే, పిలవక్కర్లేదు, కత్తిపీట పట్టుకుని వెళ్ళిపోవడమే. నా పక్కన సుతినా కూర్చుని కొబ్బరి కోరుతోంది. చేతులు కొబ్బరి మీద ఉన్నాయి గాని ప్రాణమంతా కూతురి మీదే ఉంది. మొగుడు సముద్రం దాటి కాలిమంతాన్ తోటల్లో పనికని పోయి మళ్ళీ ఈ వైపు చూడలేదు. ఉన్నదల్లా లింతాంగ్ ఒక్కతే. ఆ పిల్లకి పట్నంలో ప్రభుత్వ హైస్కూల్లో సీటొచ్చింది. ఆ రోజు సాయంత్రం నాలుగింటిలోగా నెట్‌లో 'చేరుతున్నాను' అని చెప్పాలి. చెప్పకపోతే సీటు వెనకున్నవాళ్ళకి పోతుంది.

నెట్ చూస్తే పొద్దుటి నుంచీ వస్తోంది, పోతోంది. లింతాంగ్ ఫోను పట్టుకుని పాక గుమ్మంలో నిలబడింది. "పెద్దమ్మా, సగం నింపాను, మళ్ళీ మొదటికొచ్చింది" అంది.

"పెళ్ళి కదా, నెట్‌కి కూడా సెలవిచ్చావా వూర్యానీ?" అంది తుకియెమ్. ఆవిడ నోటికి ఊళ్ళో అందరూ భయపడతారు.

"నీ నోటికి ఇవ్వాల్సింది సెలవు" అన్నాను.

"అదేంటక్కా, వైఫై గీతలు నిండుగా ఉన్నాయిగా?" అంది సుతినా.

"గీతలుంటే ఏంటే? అవి నీ ఫోనుకీ పెట్టెకీ మధ్య మాటలు బాగున్నాయని చెప్తాయి. పెట్టె దాటి పట్నం వెళ్ళాలా వద్దా? నీ గుమ్మంలోంచి సందు కనిపిస్తే సందు చివర వంతెన నిలబడి ఉన్నట్టేనా?"

అప్పుడే బయట మైకులో పాట ఆగి హార్జితో గారి గొంతు వినిపించింది. దయచేసిన బంధుమిత్రులకి నమస్కారాలు చెప్పి, "ఫోన్లలో నెట్ సరిగా రావట్లేదని కొందరు అంటున్నారు, క్షమించాలి. దాన్ని చూసుకునే వూర్యాని వంటల్లో మునిగిపోయినట్టుంది" అన్నారు. పందిరంతా నవ్వింది. పాకలో ఆడవాళ్ళూ నవ్వారు. నా చెవులు వేడెక్కిపోయాయి. తప్పు నాదైతే నాలుగు తిట్టండి, పడతాను. తప్పేంటో తెలుసుకోకుండా మైకులో పరువు తీస్తే ఎలా పడతాను?

చేతులు కడుక్కుని లింతాంగ్ ఫోను తీసుకున్నాను. తుకియెమ్ వదల్లేదు. "అసలు నువ్వు చేసేదేంటో ఒకసారి చెప్పు, మేమూ తెలుసుకుంటాం."

"చెప్తాను, విను. ఈ పిల్ల పంపే కాగితం ఒక్కసారే మొత్తంగా పోదు. చిన్న చిన్న పొట్లాలుగా విడిపోతుంది. వాటినే ప్యాకెట్లంటారు. ప్రతి పొట్లం మీదా పంపేదెవరు, అందాల్సిందెవరికి అని చిరునామా ఉంటుంది."

"ఇంటి నంబరులాగా."

"అదే, ఐపీ అడ్రసు. ఇక రూటరంటే కూడలిలో నిలబడే మనిషి అనుకో. అతనికి లోకంలో ఇళ్ళన్నీ తెలియవు. ఈ చిరునామాకైతే ఇటు తిరగాలి, దానికైతే అటు అని తన మలుపు వరకే తెలుసు. పొట్లాన్ని పక్క కూడలి మనిషి చేతిలో పెడతాడు, అతను ఇంకొకడి చేతిలో. అలా చేతులు మారుతూ పోతుంది. మన ఊళ్ళోంచి బయటికి పోయే పొట్లాలన్నీ మొదట తట్టే తలుపు ఒకటుంది చూశావా, అది గేట్‌వే. హార్జితో గారి గోడ మీదున్న పెట్టే మన గేట్‌వే. దాని నంబరు ఒకటి. ఊళ్ళో ఫోన్లన్నిటికీ తెలుసు, బయటికి పోవాలంటే ఒకటో నంబరు తలుపు కొట్టాలని."

"మరి కొడుతున్నాయా లేదా?"

"అదే చూస్తున్నా."

ప్రతి పెట్టెకీ మనం ఇచ్చిన నంబరు కాక, తయారైనప్పుడే వేసిన సొంత గుర్తు ఒకటి ఉంటుంది. ఇంటి నంబరు మారొచ్చు, ఒంటి మీద పుట్టుమచ్చ మారదు కదా. ఒకటో నంబరు తలుపు కొట్టి, నీ పుట్టుమచ్చ చూపించు అన్నాను. నా పెట్టెది చూపించింది. ఇంకోసారి కొట్టాను. వేరేది చూపించింది. మళ్ళీ కొడితే మళ్ళీ నాది.

"ఒకే నంబరు పెట్టుకుని రెండు గుమ్మాలున్నాయి" అన్నాను పైకే. "ఒకటి తడితే దారి ఉంది. రెండోది తడితే వెనకాల గోడే. ఈ పిల్ల పొట్లాలు కాసేపు ఇటు, కాసేపు అటు పోతున్నాయి. ఎవరో ఇంకో రూటర్ తెచ్చి మన తీగకి తగిలించారు."

కొట్లోంచి కొత్తగా వచ్చే ప్రతి పెట్టె నేనే ఒకటో నంబరు అనుకుంటూ వస్తుంది. మన పెద్దమనుషుల్లాగే. ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా?

తుకియెమ్ గరిటె కింద పెట్టింది. "నిన్న పెళ్ళికొడుకు ఏదో పెట్టె తెచ్చాడే, వచ్చినవాళ్ళకి విడిగా వైఫై ఉండాలని! వాళ్ళిద్దరి పేర్లే పెట్టారట దానికి. వేదిక వెనకాల బిగించారు."

చుట్టాలకి కొత్త కప్పులు, కొత్త చాపలు, వాళ్ళకే విడిగా మిఠాయి పళ్ళెం. ఇప్పుడు వాళ్ళకే విడిగా వైఫై కూడా. మర్యాదకి హద్దుండక్కర్లేదూ? ఆ పెట్టెకి వెనకాల బయటి తీగ కోసం ఒక కన్నం విడిగా ఉంటుంది. పెళ్ళికొడుకు దాన్ని వదిలేసి ఊరి తీగని లోపలి కన్నంలో గుచ్చి ఉంటాడు. దాంతో అది మా అందరి మధ్యా వచ్చి కూర్చుంది.

వెనక గుమ్మంలోంచి హార్జితో గారిని పిలిపించాను. పట్టు కోటు, నడుము వెనక బాకు, తలకి చుట్టుకున్న బాతిక్ అద్దకపు గుడ్డ, మొహంలో విసుగు. ఎంత అణకువగా చెప్పాలో అంత అణకువగానూ చెప్పాను. "పెద్దయ్యా, వేదిక వెనకున్న కొత్త పెట్టె ప్లగ్గు ఒక్కటి తీయిస్తే చాలు. లింతాంగ్ సీటు నాలుగింటితో పోతుంది. ఇప్పుడు కిందికి దిగినా సిగ్నల్ దగ్గరికి చేరేలోపు టైము దాటిపోతుంది."

"అది అల్లుడు తెచ్చింది. వియ్యంకులు ముందు వరసలో కూర్చున్నారు. వధూవరుల వెనక నువ్వు దూరి తీగలు పీకుతుంటే ఏం బాగుంటుంది? అతిథులు వెళ్ళాక చూద్దాం."

"వాళ్ళు వెళ్ళేసరికి చీకటి పడుతుంది."

"ఆడపిల్ల చదువు ఎక్కడికి పోతుందమ్మా? వచ్చే ఏడు లేదా? ఓపిక పట్టాలి." అని వెళ్ళిపోయారు.

ఓపిక! ఆయన కూతురు సెమరాంగ్‌లో కాలేజీ చదివింది. ఓపిక పట్టమని దానికెవరూ చెప్పలేదు. నేను పందిరి వైపు అడుగేశాను. ఎవరో నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. చూస్తే సుతినా.

"వద్దక్కా. రచ్చవుతుంది. పోతే పోనీ సీటు."

"నీ కూతురిదే ఆ సీటు!"

"నాకు తెలుసక్కా. వద్దు."

ఆ క్షణంలో హార్జితో మీద కంటే సుతినా మీదే ఎక్కువ కోపమొచ్చింది. చెయ్యి విదిలించుకున్నాను. కొబ్బరిపాలు కారిన చీరగుడ్డ, మసి అంటిన మొహం, వట్టి కాళ్ళు. అలాగే పందిట్లోకి వెళ్ళాను. మైకులో పాడుతున్న అమ్మాయి తాళం తప్పింది. వేదిక వెనకాల పువ్వుల తెర తోసి చెయ్యి పెట్టి ప్లగ్గు లాగాను. తెర ఊగి మల్లెదండ ఒకటి పెళ్ళికొడుకు ఒళ్ళో పడింది. వియ్యపురాలు నోరు నొక్కుకుంది. హార్జితో గారు నవ్వు చెరగనివ్వకుండా నా వైపు చూశారు. ఆ నవ్వు చూస్తే తిట్టడమే నయమనిపించింది.

వంటపాకలో లింతాంగ్ ఫోను మీదికి వంగి ఉంది. ఈసారి కాగితం మొదటికి రాలేదు. చివరి బొత్తాం నొక్కింది. పచ్చ గుర్తు పడింది. తుకియెమ్ ఆ పిల్లని దగ్గరకి లాక్కుని నెత్తి మీద ముద్దు పెట్టుకుంది. సుతినా మాత్రం కొబ్బరి కోరుతూనే ఉంది, తల ఎత్తలేదు.

రెండు రోజుల తర్వాత లింతాంగ్ పరిగెత్తుకుంటూ వచ్చింది. "పెద్దమ్మా, అమ్మ హార్జితో గారింట్లో పొద్దుటి నుంచీ కూర్చునే ఉంది. నువ్వు రావాలట."

సీటొస్తే సరిపోదు. ఈ పిల్ల మా వాడదే అని వాడపెద్ద రాసిచ్చిన కాగితం బడికి తీసుకెళ్ళాలి. ఆ మాట నాకూ తెలుసు, కోపంలో తట్టలేదు. సుతినాకి పెళ్ళిరోజే తట్టింది. ఆమె నా చెయ్యి ఎందుకు పట్టుకుందో అప్పుడు అర్థమైంది నాకు.

వెళ్ళేసరికి సుతినా చాప మీద తల వంచుకుని ఉంది. కాగితం బల్ల మీద ఉంది. పెన్ను ఆయన చేతిలో ఉంది, మూత తీసి లేదు.

"రా వూర్యానీ, కూర్చో" అన్నారు హార్జితో గారు, ఎంతో ఆప్యాయంగా. "నాకు ఎవరి మీదా కోపం లేదు. ఆ రోజు వియ్యంకుల ముందు మా పరువు పోయింది, అంతే. నువ్వొక మాట అంటే మనసు తేలికపడుతుంది. సంతకం ఎంతసేపు!"

సుతినా నా వైపు చూడలేదు. లింతాంగ్ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

నేను చాప మీద కూర్చున్నాను. చేతులు జోడించాను. పెద్దవాళ్ళ దగ్గర వాడే మాటల్లో అన్నిటికంటే వంగి ఉండే మాటలు ఏరుకుని, పొరపాటు నాదేనని, బుద్ధి తక్కువై చేశానని, పెద్ద మనసుతో క్షమించాలని అన్నాను. ఒక్క అక్షరం తడబడలేదు. ఆయన తృప్తిగా తల ఊపి, పెన్ను మూత తీసి సంతకం చేశారు. టీ తెమ్మని లోపలికి కేకేశారు. తాగాను.

ఇప్పుడు లింతాంగ్ పట్నంలో హాస్టల్లో ఉంటోంది, బాగానే చదువుతోంది. సుతినా నేనూ ఎప్పట్లాగే ఉన్నాం. జరిగింది జరిగింది, మనసులో పెట్టుకోకు అని ఊరంతా నాకు చెప్తుంది. నా కోపం మాత్రం వీసమెత్తు తగ్గలేదు. తగ్గకుండా చూసుకుంటున్నాను.